పన్ను ఎంత ఆరాలి?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో పంటి ఫిల్లింగుల మీద వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. కానీ ‘బాండింగ్ పూసే ముందు పన్నును పూర్తిగా ఆరబెడతారు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. బాండింగ్ అంటే ఫిల్లింగును పంటికి అతికించే ద్రవం. నేను 14 ఏళ్లుగా డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఆ మాట సగమే నిజం. మిగతా సగం తెలియక చాలామంది ఫిల్లింగ్ ఊడగానే మెటీరియల్ నాసిరకం అనేసుకుంటారు.

పైనుండే ఎనామిల్ వరకైతే మీరు రాసింది సరైనదే. అది దాదాపు అంతా ఖనిజం. ఫాస్ఫారిక్ ఆసిడ్ పూసి కడిగేసిన ఎనామిల్‌కు అక్రిలిక్ అనే ప్లాస్టిక్ బాగా అంటుకుంటుందని 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనొకోర్ చూపించారు. ఇప్పటికీ మేం చేసేది అదే. ఆ ఆసిడ్ ఉన్న జెల్ పెట్టి, కడిగి, గాలి కొడితే అంతవరకు నిగనిగలాడిన పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. అలా తెల్లబడిందంటే జెల్ పనిచేసినట్టే.

తంటా అంతా దాని కిందుండే డెంటిన్‌తోనే. దాని బరువులో దాదాపు 10 శాతం నీరే. కంటికి కనపడనంత సన్నటి గొట్టాలు వేలకు వేలు దానిలోంచి నరం వైపు వెళ్తాయి, వాటిలోంచి చెమ్మ ఊరుతూనే ఉంటుంది. జెల్‌ను 15 సెకన్లు ఉంచి కడిగేస్తే పైపైన ఖనిజం కరిగిపోయి, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు మాత్రం బయటపడి ఉంటాయి. బాండింగ్ ద్రవం ఆ పోగుల సందుల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడాలి. అలా ఏర్పడే పొరను హైబ్రిడ్ లేయర్ అంటారు. జపాన్‌కు చెందిన నకబయాషి 1982లో దీన్ని వివరించారు.

రంగులు వేసే కుంచె చూడండి. నీళ్లలో ఉన్నంతసేపు దాని వెంట్రుకలు విడివిడిగా ఊగుతాయి, బయటికి తీయగానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గాలి ఎక్కువ కొడితే ఆ పోగులకు జరిగేదీ అదే. చాపలా అణిగిపోతాయి, బాండింగ్ లోపలికి దిగదు. ఇంటికెళ్లాక చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమనడానికి ఇదీ ఒక కారణం. పోనీ తడి వదిలేద్దామా అంటే, నీళ్లు మడుగు కట్టిన చోట బాండింగ్ పలచబడి సరిగ్గా గట్టిపడదు. అందుకే మా డాక్టరుగారు డెంటిన్ మీద గాలి కొట్టరు, చిన్న దూది ఉండతో అద్దుతారు. లైటు కింద పన్ను పలచగా మెరవాలి, నీటిబొట్టు మాత్రం నిలవకూడదు. బాండింగ్ పూశాక గాలి కొట్టడం వేరే సంగతి. అందులోని అసిటోనో ఆల్కహాలో ఆవిరైపోయి, ద్రవం అలలు ఆగేదాకా మెల్లగా కొట్టాల్సిందే. ఇప్పుడు జెల్ పెట్టి కడిగే పని లేని సెల్ఫ్ ఎచ్ రకాలూ వచ్చాయి. వాటికి కావలసిన నీరు వాటిలోనే ఉంటుంది. ఏ రకమైనా లాలాజలం మాత్రం తగలకూడదు.

లాలాజలమంటే ఉత్త నీళ్లు కాదు. అందులోని ప్రోటీన్లు క్షణాల్లో పంటి మీద పొర కట్టేస్తాయి. చాలా ఏళ్ల కిందట ఒకావిడకు వెనక దవడ పన్ను ఫిల్లింగ్ చేస్తున్నాం. జెల్ కడిగేశాక ఆవిడ గుటక వేయబోయి నోరు కాస్త మూశారు. నాలుక పక్కకు జరిగింది, కాటన్ రోల్ కదిలింది. ‘తగిలిందా?’ అని డాక్టరుగారు అడిగారు. బయట జనం ఎదురుచూస్తున్నారనే టెన్షన్‌లో ‘లేదండీ’ అనేశాను. నిజానికి నేను సరిగ్గా చూడలేదు. తగిలిందని చెప్పి ఉంటే కడిగి మళ్లీ జెల్ పెట్టేవారు, మహా అయితే ఒక నిమిషం పట్టేది. మూడు నెలలకే ఆ ఫిల్లింగ్ ఊడి చేతిలో పట్టుకుని వచ్చారావిడ. అదొక్కటే కారణమని తేల్చి చెప్పలేను. కానీ ఆవిడ ‘నా పన్నే మంచిది కాదేమోనమ్మా’ అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ రోజు నుంచి అనుమానం ఉంటే చాలు, ‘తగిలిందండీ’ అనే చెబుతున్నాను.

ఈ బాధ తప్పించడానికే రబ్బర్ డ్యామ్ ఉంది. 1864 నుంచీ వాడుకలో ఉన్న పలచటి రబ్బరు షీటు ఇది. పన్ను ఒక్కటే పైకి కనపడేలా తొడిగితే నాలుక, ఉమ్మి, ఊపిరి చెమ్మ కూడా దూరంగా ఉంటాయి. చాలామంది ఊపిరాడదేమోనని భయపడి వద్దంటారు. ముక్కుతో హాయిగా పీల్చుకోవచ్చు. జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఉంటే, అత్యవసరం కాని పనైతే వాయిదా వేసుకోండి. రబ్బరు పడనివాళ్లు ముందే చెబితే లేటెక్స్ లేని షీటు వాడతారు.

మీ పేజీలో ఆ వాక్యాన్ని సరిచేస్తూ రెండు ముక్కలు వేయమని నా మనవి. జెల్ కడిగినప్పటి నుంచి బాండింగ్‌ను గట్టిపరిచే లైటు పెట్టేదాకా ఉండే ఆ కొద్దిసేపూ పుక్కిలిస్తామని లేవకండి, మాట్లాడబోకండి అని కూడా రాయండి. నోట్లో ఉమ్మి నిండితే ఎడమ చెయ్యి కాస్త పైకెత్తితే చాలు, సక్షన్ పెట్టడానికి పక్కనే మేం ఉంటాం.

ఇట్లు,
ఒక డెంటల్ అసిస్టెంట్