చీటీకి లేదన్న మందు నగదుకు ఎలా దొరికింది?

తాడేపల్లిగూడెం మండలం,
పశ్చిమ గోదావరి జిల్లా.
12 నవంబరు 2025.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
మా మాజీ సైనికుల పాలీక్లినిక్‌కు అధీకృత స్థానిక మందుల విక్రేతగా ఉన్న ఫార్మసీ సంస్థ.

విషయం: మాజీ సైనికుల మందుల చీటీలపై "ఎన్.ఏ." (నాట్ అవైలబుల్, అంటే మందు లేదు) అని ముద్ర వేసి, అవే మందులను అదే షాపులో నగదుకు అమ్మడం, జీఎస్టీ తగ్గిన తర్వాత కూడా పాత ధర వసూలు చేయడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను భారత సైన్యంలో ఆర్టిలరీలో 24 సంవత్సరాలు పనిచేసి, 1999లో హవల్దారుగా పదవీ విరమణ చేశాను. మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అంటే మేమంతా ఈసీహెచ్‌ఎస్ అనేది, 2003 ఏప్రిల్‌లో మొదలైంది. మరుసటి ఏడాది నా పింఛను స్థాయికి నిర్ణయించిన 1,800 రూపాయలు కట్టి అందులో చేరాను. ఇప్పుడు హవల్దారుగా దిగుతున్న వారి దగ్గర ఇదే పథకానికి 30,000 రూపాయలు తీసుకుంటున్నారు. ఈ లెక్క చెప్పడానికి కారణముంది. మీ కౌంటర్లో కూర్చునే కుర్రవాడు అక్టోబరులో నాతో "ఫ్రీ మందులే కదా తాతగారూ, వారం ఆగి రండి" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, అతనికి ఎవరూ చెప్పి ఉండరు. కానీ ఆ మందులు ఎవరి దయ వల్లనో వస్తున్నవి కావని, మేము కట్టిన సొమ్ముకూ చేసిన కొలువుకూ ప్రభుత్వం మాకు ఒప్పుకున్నవని మీ సంస్థలో పైనుంచి కింది వరకు అందరికీ తెలియాలి.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో నా గుండెకు స్టెంట్ వేశారు. టికాగ్రెలార్ 90 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి ఏడాది పాటు వాడాలని, ఒక్క పూట కూడా మానవద్దని, మానితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదముందని డాక్టరుగారు నాకూ మా ఇంటావిడకూ విడివిడిగా చెప్పారు. మా పాలీక్లినిక్‌లో ఈ మందు ఉండదు. అక్కడ లేని మందులను చీటీ మీద మీ షాపు నుంచి ఇప్పించే ఏర్పాటు ఉంది కాబట్టి, అక్టోబరు 14, మంగళవారం ఉదయం ఆరు గంటల బస్సుకు బయలుదేరి వచ్చి, పాలీక్లినిక్‌లో డాక్టరుకు చూపించుకుని, ఐదు మందులు రాసిన చీటీతో 11 గంటల ప్రాంతంలో మీ షాపుకు చేరాను. మెట్‌ఫార్మిన్, అటోర్వాస్టాటిన్ ఇచ్చారు. మిగిలిన మూడింటి ఎదురుగా, అందులో టికాగ్రెలార్ కూడా ఉంది, "ఎన్.ఏ." అని ముద్ర వేశారు. ఎప్పుడు వస్తుందని అడిగితే కంప్యూటరు వైపు చూసి, చెప్పలేమన్నారు.

ఆ రోజుకు నా దగ్గర రెండే మాత్రలు మిగిలి ఉన్నాయి. ఇంకో షాపు వెతుక్కునే ఓపిక లేక, ఎందుకైనా మంచిదని ఆ చీటీ జిరాక్సు కాపీని పట్టుకుని అదే షాపులో పది అడుగుల అవతల ఉన్న నగదు కౌంటరు దగ్గర నిలబడ్డాను. అక్కడి అమ్మాయి చీటీ చదివి, వెనక్కి తిరిగి, రెండో అర లోంచి టికాగ్రెలార్ డబ్బా తీసి, "ఎన్ని స్ట్రిప్పులు కావాలండీ?" అని అడిగింది. 14 మాత్రలున్న స్ట్రిప్పులు రెండు తీసుకున్నాను. డబ్బాలో ఇంకా ఐదో ఆరో మిగిలి ఉండటం నేను కళ్లారా చూశాను. బిల్లు మీద సమయం 11 గంటల 42 నిమిషాలు. మిగిలిన రెండు మందులు కూడా అక్కడే ఉన్నాయి. మొదటి కౌంటరులో లేని మందు రెండో కౌంటరుకు అరగంటలో ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాక మీ మేనేజరుగారిని అడిగాను. ఆయన మర్యాదస్తుడే, కుర్చీ వేసి కూర్చోబెట్టి, "సార్, మీ డిపార్ట్‌మెంటు నుంచి మాకు నెలల తరబడి బిల్లుల డబ్బు రావడం లేదు. ఖరీదైన మందులు చీటీ మీద ఇంతకు మించి ఇవ్వొద్దని హెడ్డాఫీసు లిమిట్ పెట్టింది. మా చేతిలో ఏమీ లేదు" అని ఉన్నమాట చెప్పారు. అందుకే ఈ లేఖ ఆయనకు కాకుండా మీకు రాస్తున్నాను.

మీకు బకాయిలు ఉన్నాయన్న మాటను నేను కాదనను. ఆసుపత్రుల బిల్లులూ అలాగే నిలిచిపోతున్నాయని, కార్డు చూపిస్తే చేర్చుకునే ఆసుపత్రులు కొన్ని ముందు డబ్బు కట్టమంటున్నాయని మాకు అనుభవమే. చెల్లింపులు ఆలస్యం కావడం తప్పు, దాని గురించి సంబంధిత అధికారులకు నేను వేరే లేఖ రాశాను. అయితే మీరు టెండరులో ఎమ్మార్పీ మీద ఇంత తగ్గిస్తామని చెప్పి ఈ కాంట్రాక్టు తీసుకున్నారు. చీటీ మీద ఇస్తే మీకు తగ్గించిన ధర, అదీ ఆలస్యంగా వస్తుంది. అదే స్ట్రిప్పు నాకు నగదుకు అమ్మితే పూర్తి ఎమ్మార్పీ, అప్పటికప్పుడు వస్తుంది. అంటే ప్రభుత్వం మీకు బాకీ పడితే ఆ బాకీని మా జేబులోంచి, పైగా ఎక్కువ ధరకు, వసూలు చేసుకునే దారి ఒకటి మీ షాపులో ఏర్పడింది. ఒప్పందం ప్రకారం ఇవ్వలేకపోతే ఆ మాట పాలీక్లినిక్‌కు రాతపూర్వకంగా చెప్పి తప్పుకోండి, ఇంకొకరికి అప్పగిస్తారు. కాంట్రాక్టు ఉంచుకుని, దాని వల్ల రోజూ మీ గుమ్మంలోకి వచ్చే మమ్మల్ని నగదు కౌంటరుకు మళ్లించడం వ్యాపార మర్యాద అనిపించుకోదు.

సైన్యంలో నేను రెండేళ్లు క్వార్టర్ మాస్టర్ స్టోర్లో, అంటే సామాన్ల గిడ్డంగిలో, పనిచేశాను. అరలో వస్తువు పెట్టుకుని లెడ్జరులో "నిల్" అని రాసినవాడిని అక్కడ పొరపాటు చేశాడనరు, విచారణకు నిలబెడతారు. షాపులకు ఆ కట్టుబాటు లేదనుకోవడానికి వీల్లేదు. 2013 ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు 28వ పేరా ప్రకారం, తన దగ్గర ఉన్న మందును కొనడానికి వచ్చినవారికి అమ్మనని విక్రేత దాచిపెట్టకూడదు. చీటీతో వచ్చినవాడు కొనుగోలుదారు కాడని మీ న్యాయ విభాగం వాదించవచ్చు. కానీ ఆ చీటీ మీద ప్రభుత్వం కొంటోంది, మీరు దానికి బిల్లు వేస్తున్నారు.

నా సంగతి ఇంతవరకు. నాకు పింఛనుంది, కొడుకు ఉద్యోగం చేస్తున్నాడు, ఆ పూటకు డబ్బు జేబులో ఉంది కాబట్టి కొనుక్కున్నాను. నా వెనక వరసలో ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త సిపాయిగా చేసి పోయారు, ఆమెది కుటుంబ పింఛను. ఆమె చీటీలో ఇన్సులిన్ పెన్నులు రాసి ఉన్నాయి, దానికీ అదే ముద్ర పడింది. ఇన్సులిన్ ఎండకు పాడవకుండా తీసుకువెళ్లడానికి ఆమె ఇంటి నుంచి స్టీలు టిఫిను డబ్బాలో ఐసు ముక్కలు వేసుకుని, పైన తడిగుడ్డ చుట్టి తెచ్చుకున్నారు. అవతల కౌంటరులో దొరుకుతుందమ్మా అని నేనే చెప్పాను. ధర కనుక్కుని వచ్చి, "నెలాఖరుకు పింఛను పడ్డాక కొంటానులే బాబూ, అందాకా కాస్త తగ్గించి పొడుచుకుంటా" అన్నారు. మెట్ల మీద కూర్చుని, డబ్బాలో కరిగిన నీళ్లు పారబోసి, గుడ్డ పిండుకుని బస్టాండు వైపు వెళ్లిపోయారు. ఇన్సులిన్ తగ్గించి పొడుచుకోవడం అంటే ఏమిటో మందుల కంపెనీ నడిపే మీకు నేను వివరించనక్కరలేదు. మీ హెడ్డాఫీసు పెట్టిన లిమిట్ కాగితం మీద ఎంత సొమ్ము ఆదా చూపిస్తుందో నాకు తెలియదు గాని, కింద అది ఇలా ఉంటుంది.

ఇక ధర విషయం. ఈ సంవత్సరం సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర ముద్రించి ఉన్న స్ట్రిప్పుల మీద కొత్త లేబులు అంటించనక్కరలేదని, అయితే అమ్మేది మాత్రం సవరించిన ధరకే అమ్మాలని జాతీయ ఔషధ ధరల సంస్థ కంపెనీలకు చెప్పింది. నేను కొన్న స్ట్రిప్పు మీద ముద్రించిన ధర 336 రూపాయలు. పన్ను తీసేస్తే 300, కొత్త పన్ను కలిపితే 315. మీరు నా దగ్గర రెండు స్ట్రిప్పులకు 672 రూపాయలు తీసుకున్నారు, 630 తీసుకోవాలి. ధరల పట్టికలో ఉన్నదీ, లేబులు మీద ఉన్నదీ, రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని మించి అమ్మకూడదని పైన చెప్పిన ఉత్తర్వులోనే 26వ పేరాలో ఉంది. కొత్త ధరల పట్టిక చూపించమంటే, సిస్టంలో అప్‌డేట్ కాలేదన్నారు. తగ్గించాల్సినప్పుడు వారాలు గడిచినా అప్‌డేట్ కాని మీ సిస్టం, పెంచాల్సినప్పుడు ఏప్రిల్ మొదటి వారంలోనే అప్‌డేట్ కావడం నేను మూడు నాలుగేళ్లుగా చూస్తున్నాను. నలభై రెండు రూపాయలకు ఇంత రాద్ధాంతమా అని మీకు అనిపించవచ్చు. రోజూ మీ కౌంటర్ల ముందు ఎంతమంది నిలబడతారో లెక్కవేసుకుంటే మీకే తెలుస్తుంది.

ధరలు పెరగడం మీ చేతిలో లేదని తెలుసు. ధరల నియంత్రణలో ఉన్న మందులకు టోకు ధరల సూచీని బట్టి 2022 ఏప్రిల్‌లో 10.77 శాతం, 2023 ఏప్రిల్‌లో 12.1 శాతం దాకా పెంచుకోవడానికి అనుమతి వచ్చింది. ఆ జాబితాలో లేని మందులకు తయారీదారులు ఏటా 10 శాతం వరకు పెంచుకోవచ్చు. నాకు చీటీ మీద దొరకని బీపీ మాత్ర ఈ రెండో రకం. 2021లో స్ట్రిప్పు 142 రూపాయలుండేది, ఈ ఏడాది మీ బిల్లులోనే 207 అయింది. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. పాలీక్లినిక్ డాక్టర్లు ఎక్కువగా మందు అసలు పేరే రాస్తారు, కంపెనీ పేరు రాయరు. అలాంటప్పుడు తక్కువ ధర ఉన్నది చూపించకుండా, అరలో ముందున్న ఖరీదైన బ్రాండు తీసి ఇవ్వడం మీ కౌంటరులో అలవాటైపోయింది. మా ఇంటావిడకు షుగరుకు రాసిన సిటాగ్లిప్టిన్ 50 మిల్లీగ్రాముల మాత్రలు పేటెంటు గడువు తీరాక 2022లో జన ఔషధి కేంద్రాల్లో పది మాత్రలు 60 రూపాయలకు వచ్చాయి. మీ షాపులో అదే మందు అంతకు రెండింతల ధరకు కట్టబెట్టారు, ఇంకొకటి ఉందన్న మాట కూడా చెప్పలేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మీరు వేసే "ఎన్.ఏ." ముద్ర మీద తేదీ ఉండదు, సంతకం ఉండదు, సగం అక్షరాలు పడవు. బయట కొన్న మందు డబ్బు తిరిగి రావాలంటే మాకు ఆ ముద్రే ఆధారం. ఈ సంవత్సరం నేను పెట్టిన ఐదు క్లెయిముల్లో ఒకదానికి డబ్బు వచ్చింది, రెండు ఇంకా నడుస్తున్నాయి, రెండు ముద్ర సరిగా లేదని వెనక్కి వచ్చాయి. ఆ రెండింటి విలువ 3,460 రూపాయలు. మళ్లీ ముద్ర వేయమని వస్తే, పాత తేదీలకు వేయబోమని మీవాళ్లు తిప్పి పంపారు. అంటే మందు ఇవ్వలేదు, ఇవ్వలేదన్న కాగితమూ సరిగా ఇవ్వలేదు.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లో నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. చీటీల మీద ఇచ్చే మందులకు మీ హెడ్డాఫీసు పరిమితి పెట్టిన మాట నిజమా కాదా అన్నది అందులో స్పష్టంగా ఉండాలి. నిజమైతే దాన్ని ఎత్తివేయాలి, షాపులో ఉన్న మందుకు "ఎన్.ఏ." ముద్ర పడకూడదు, నిజంగా లేనప్పుడు తేదీ, సంతకం, చదవదగ్గ ముద్ర ఉండాలి. వెనక్కి వచ్చిన నా రెండు చీటీలకు మీ రికార్డులు చూసి ధ్రువపత్రం ఇవ్వాలి. సెప్టెంబరు 22 తర్వాత పాత ధరకు అమ్మినవారందరికీ తేడా సొమ్ము తిరిగి ఇవ్వాలి. నాకు రావలసిన 42 రూపాయలు ఆ పెద్దావిడ ఇన్సులిన్ సంగతి చూసిన తర్వాత ఇచ్చినా సరే. ఆమె చీటీ నంబరు మీ రిజిస్టరులో అక్టోబరు 14న నాది తర్వాతిదే. సవరించిన ధరల పట్టిక కౌంటరు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి.

జవాబు రాకపోతే ఈ లేఖ నకళ్లను, బిల్లులను జతచేసి పాలీక్లినిక్ ఆఫీసర్ ఇన్‌చార్జి గారికి, సైన్యం స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కు, ఈసీహెచ్‌ఎస్ రీజనల్ సెంటర్‌కు పంపుతాను. ధర విషయాన్ని జాతీయ ఔషధ ధరల సంస్థ ఫిర్యాదు విభాగానికి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలియజేస్తాను. మిలిటరీ మాధవరం మాకు దగ్గరి ఊరు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అక్కడివాళ్లు సైన్యానికి వెళుతున్నారు. మా చుట్టుపక్కల పింఛనుదారులు కొద్దిమంది కారు. వారిలో ఇలాంటి ముద్రలు పడిన చీటీలు దాచుకున్నవారు ఎవరెవరో కనుక్కోవడం నాకు కష్టమేమీ కాదు.

ఈ లేఖతో అక్టోబరు 14 నాటి చీటీ, నగదు బిల్లు, స్ట్రిప్పు మీది ధరా బ్యాచి నంబరూ కనిపించే ఫొటో, వెనక్కి వచ్చిన రెండు క్లెయిముల నకళ్లు జతపరిచాను. మధ్యలో మళ్లీ కొనుక్కున్నవాటిలో, ఈ ఉదయం మాత్ర వేసుకున్న తర్వాత నా దగ్గర పదకొండు టికాగ్రెలార్ మాత్రలు ఉన్నాయి, 17వ తేదీ రాత్రికి అయిపోతాయి. ఆ రోజు సోమవారం, ఉదయం పాలీక్లినిక్ చీటీ తీసుకుని మీ షాపుకు వస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
ఆర్టిలరీ.