మాత్ర ఆపే ముందు ఇంగువ డబ్బా చూడు

చిన్నీ,

కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వాడితే ఎముకలు గుల్లబారతాయని చదివి, రేపటినుంచి మానేస్తానన్నావు. నీ భయం ఉత్తదని అనను. కానీ ఉన్నట్టుండి ఆపకు తల్లీ. నెలల తరబడి ఆమ్లాన్ని అణచి ఒక్కసారిగా మందు తీసేస్తే, కడుపులో కొన్నాళ్లు మునుపటికన్నా ఎక్కువ ఆమ్లం ఊరొచ్చు. ఆ మంట చూసి జబ్బు ముదిరిందనుకుని మళ్లీ మాత్ర పట్టుకుంటావు. గ్యాస్ట్రైటిస్‌కి (కడుపు లోపలి పొర వాపుకి) మామూలుగా 4 నుంచి 8 వారాలు రాస్తారు. అది పూర్తయ్యాక ఎలా తగ్గించాలో డాక్టరుగారినే అడుగు. పరగడుపున వేసుకుని అరగంట ఆగి తిను. తిన్నాక మంట పుట్టినప్పుడు వేసుకుంటే సరిగా పనిచెయ్యదు.

ఏళ్లకేళ్లు వాడేవాళ్లలో బి12, మెగ్నీషియం తగ్గొచ్చు, ఇనుము సరిగా ఒంటబట్టకపోవచ్చు, ఎముక విరిగే ముప్పు కాస్త పెరగొచ్చు. అయితే నీకున్న సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడకపోవడం) వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతిన్నా ఇనుము, కాల్షియం, విటమిన్ డి ఇలాగే తగ్గుతాయి. అంటే నీ నీరసానికి కారణం మాత్రా, గ్లూటెనా అన్నది ఊహించి చెప్పలేం. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, విటమిన్ డి రక్తపరీక్షలు చేయించుకో. మాత్ర ఏడాది దాటితే మెగ్నీషియం కూడా. ఎముకల సాంద్రత స్కాన్ అవసరమా అని అడుగు.

నాకు మాత్రకన్నా నీ వంటగది మీదే ఎక్కువ అనుమానం. గోధుమ మానేశావు సరే, ఇంగువ? బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. పులిహోర తాలింపులో, కొన్న ఆవకాయలో, సాంబారు పొడిలో అదే ఉండొచ్చు. బియ్యప్పిండి కలిపినది వెతికి కొను. మరలో గోధుమలు ఆడించాక ఆడే జొన్నపిండి నీకు పనికిరాదు. జొన్నలు, రాగులు మంచివే, వాటికంటిన గోధుమతోనే చిక్కు. పూరీలు వేయించిన నూనెలో గారెలు తీసినా అంతే. హోటల్లో ముందు ఆ నూనె సంగతే అడుగు. బార్లీ మాల్ట్ కలిపిన పాలపొడులు, సోయా సాస్ వద్దు. మన దేశంలో 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలోకి గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ లేబుల్ ఉన్నదే తీసుకో. ఇంట్లో పెసరట్టు, బియ్యపు రవ్వ ఉప్మా ఉండగా ఖరీదైన బ్రెడ్ల జోలికి పోనవసరం లేదు.

టీటీజీ ఐజీఏ (సీలియాక్ ఎంత అదుపులో ఉందో చూపే రక్తపరీక్ష) 6 నెలలకోసారి చేయించు. ఆ అంకె మెల్లగా దిగుతుంది, ఏడాది పైనే పట్టొచ్చు. దిగకపోతే కొత్త మందు అడిగే ముందు వంటగది మళ్లీ వెతుకు.

ఇంకొకటి, నెలసరి నొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌ లాగే అదీ కడుపు పొరను రేపుతుంది. పాంటోప్రజోల్ ఒక పక్క మాన్పుతుంటే ఇది ఇంకో పక్క పుండు చేస్తుంది. పారాసిటమాల్, వేడినీళ్ల సంచీతో సర్దుకో, తగ్గకపోతే డాక్టరుగారికి చెప్పు. ఐరన్ మాత్ర టీతో వేసుకోకు. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వాడొచ్చా అని అడుగు. కొత్త మాత్ర ఏది రాసినా, అందులో పిండిపదార్థం గోధుమదా మొక్కజొన్నదా అని మందుల షాపులో కనుక్కో. చాలావాటిలో మొక్కజొన్నదే ఉంటుంది.

హెచ్ పైలోరీకి (కడుపులో పుండ్లు తెచ్చే బాక్టీరియాకి) ఊపిరి పరీక్షో మల పరీక్షో రాస్తే, పాంటోప్రజోల్ 2 వారాల ముందే ఆపాలి, లేకపోతే ఉన్నా లేదని రావచ్చు. ఆ ఆపడం కూడా వాళ్లు చెబితేనే.

మలం తారులా నల్లగా వచ్చినా (ఐరన్ మాత్రతోనూ నల్లబడుతుంది, అది వేరు), వాంతిలో రక్తం కనబడినా, ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్లు. రక్తమైతే అర్ధరాత్రైనా సరే, ముందు ఆసుపత్రికి బయల్దేరి దారిలో నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ