ఫిర్యాదు: విమర్శను ‘స్పామ్’ పేరుతో తొలగించడం గురించి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

నమస్కారం. డయాలసిస్ చేయించుకుంటున్నవారి కుటుంబాల కోసం మీ సైట్‌లో నడుస్తున్న గ్రూపుకు నేను అడ్మిన్‌ని. జీతం లేని పని, ఇష్టంతోనే చేస్తున్నాను.

పోస్టులు పెట్టిన వరుసలో చూసే సౌకర్యాన్ని మీరు ఈమధ్య తీసేశారు. ‘ఈ రాత్రికి రక్తం కావాలి’ అన్న పోస్టు మూడో రోజున కనిపిస్తే ఎవరికి ఉపయోగం? ఆ నిర్ణయం తనదేనని మీ సీఈఓ గారే ప్రకటించారు కాబట్టి ఆయన్నే జవాబు అడుగుతూ ఒక పోస్టు రాశాను. అందులో తిట్టు లేదు, బెదిరింపు లేదు. సభ్యులు దాన్ని షేర్ చేశారు, కొందరు తమ కష్టం తామే రాశారు. అన్నిటినీ ‘స్పామ్’ అని తీసేశారు. నేను పోస్టు పెట్టకుండా ఆపేశారు. అప్పీలు చేస్తే నిమిషాల్లోనే ‘మా నిర్ణయం సరైనదే’ అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. అవసరంలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎవరిని అడగాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ఒకే విషయం మీద ఒకేసారి చాలామంది రాస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని స్పామ్ అనుకోవచ్చు. నిరసన ఎప్పుడూ అలాగే ఉంటుంది, పదిమందీ ఒకే మాట అంటారు. అందుకే మనిషి చదివి తేల్చాలి. ఆ మనిషి సీఈఓ గారికి జవాబు చెప్పుకోవాల్సిన ఉద్యోగి అయితే మాకు న్యాయం ఎలా జరుగుతుంది?

2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ (స్నేహితులు సైట్‌లో చేసేవన్నీ ఒకేచోట చూపించే పేజీ) తెచ్చినప్పుడు లక్షల మంది ఆ సైట్‌లోనే గ్రూపు కట్టి వ్యతిరేకించారు. జుకర్‌బర్గ్ కొద్ది రోజుల్లోనే క్షమాపణ చెప్పి, ప్రైవసీ సెట్టింగులు ఇచ్చారు. ఫీడ్ పోలేదు, కానీ అడిగినవాళ్లకు జవాబు దొరికింది. దీనికి పూర్తి విరుద్ధంగా, 2016లో రెడిట్ అనే చర్చల సైట్ సీఈఓ స్టీవ్ హఫ్‌మన్ తనను తిడుతూ యూజర్లు రాసిన కామెంట్లను గుట్టుగా మార్చేసి, తర్వాత ఒప్పుకున్నారు. 2023 జూన్‌లో ఏపీఐ ఛార్జీల (బయటి యాప్‌లు రెడిట్ డేటా వాడుకోవడానికి పెట్టిన ఛార్జీల) మీద కోపంతో అక్కడ వేల కమ్యూనిటీలు మూసేస్తే, తిరిగి తెరవని మోడరేటర్లను, అంటే వాటిని నడిపేవాళ్లను, తప్పిస్తామని ఆ కంపెనీ హెచ్చరించింది. మీరు ఈ రెండో దారిలో వెళ్తున్నారేమోనని నా భయం.

యూరోపియన్ యూనియన్ డిజిటల్ సర్వీసెస్ చట్టం ప్రకారం, పోస్టు తొలగిస్తే కారణం స్పష్టంగా చెప్పాలి, అప్పీలును పూర్తిగా యంత్రానికే వదిలేయకూడదు. అక్కడివాళ్లకు చట్టం ఇప్పించిన ఆ మర్యాద మిగతా యూజర్లకు మీరే ఇవ్వవచ్చు కదా?

తీసేసిన పోస్టులన్నీ తిరిగి పెట్టండి. కుదరదంటే, నా పోస్టులో ఏ వాక్యం ఏ నియమాన్ని దాటిందో చూపించండి. యాజమాన్యం మీద విమర్శను తొలగించిన ప్రతి కేసునూ కంపెనీ బయటివాళ్లతో మళ్లీ పరిశీలింపజేయండి, అలాంటివి ఎన్ని తీసేశారో బయటపెట్టండి. వీటన్నిటికంటే ముందు, పాత వరుసను మా గ్రూపుకైనా వెంటనే తిరిగి ఇవ్వండి. రక్తం కోసం ఎదురుచూసేవాళ్లకు వ్యవధి ఉండదు.

జవాబు మనిషి రాసినదై ఉండాలి. నిర్ణయం తీసుకున్నవారి పేరు, హోదా అందులో ఉండాలని కోరుతున్నాను.

ఇట్లు,
గ్రూపు అడ్మిన్