జీలిబ్‌సీ చిక్కు విప్పిన అక్కకు కృతజ్ఞతలు

ల్యాబ్ రిపోర్టులు తయారుచేసే మా ప్రోగ్రామ్ క్లయింట్ సర్వర్‌లో మళ్లీ నడుస్తోంది. దానికి కారణమైన సీనియర్ అక్కకు అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలనే ఈ పోస్టు. పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

సీ భాషలో రాసిన ఆ ప్రోగ్రామ్‌ను మేం ఉబుంటు (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) 22.04 మెషీన్‌లో బిల్డ్ చేస్తాం, అంటే నడిచే ఫైల్‌గా మారుస్తాం. సర్వర్‌లో ఉన్నది పాత ఉబుంటు 20.04. బిల్డ్‌లో ఒక్క వార్నింగ్ కూడా రాలేదు. సర్వర్‌లో రన్ చేయగానే మాత్రం జీలిబ్‌సీ (సీ ప్రోగ్రామ్‌లు నడవడానికి లినక్స్‌లో ఉండే మూల లైబ్రరీ) 2.34 దొరకలేదంటూ ఆగిపోయింది. అవతల రిపోర్టుల కోసం జనం ఎదురుచూస్తుంటే ఇవతల మాకు ఒకటే టెన్షన్.

సర్వర్‌లో కొత్త జీలిబ్‌సీ ఎక్కించేయమని చాలామంది సలహా ఇచ్చారు. అక్క గట్టిగా వద్దన్నారు. ఆ లైబ్రరీ మీద మా ప్రోగ్రామ్ ఒక్కటే కాదు, కమాండ్లు తీసుకునే బ్యాష్, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్, మేం దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కూడా ఆధారపడతాయి. అది మధ్యలో చెడిపోతే సర్వర్‌లోకి వెళ్లే దారే మూసుకుపోతుంది. ఆ ఒక్క మాటకే ఆవిడకు జన్మంతా రుణపడి ఉంటాం.

తర్వాత రెండు చోట్లా ఎల్‌డీడీ అనే కమాండ్‌తో జీలిబ్‌సీ వెర్షన్ చూడమన్నారు. మా దగ్గర 2.35, సర్వర్‌లో 2.31. మరి ఎర్రర్‌లో 2.34 ఎందుకు వచ్చింది? 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో థ్రెడ్ల (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో పనులు నడిపే) లైబ్రరీ లాంటివాటిని ప్రధాన లైబ్రరీలో కలిపేశారు, ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కీ కొత్త వెర్షన్ ముద్ర వేశారు. అందుకే కొత్త మెషీన్‌లో మామూలుగా బిల్డ్ చేస్తే, ఖాళీ మెయిన్ ఫంక్షన్ తప్ప ఏమీ లేని ప్రోగ్రామ్ కూడా 2.34 కావాలంటుంది. పాతదాంట్లో బిల్డ్ చేసింది కొత్త జీలిబ్‌సీ మీద నడుస్తుంది కానీ, కొత్తదాంట్లో చేసింది పాతదాని మీద నడుస్తుందన్న హామీ లేదు. ఇంత తేటగా నాకు ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం చిన్నదే: 20.04 డాకర్ కంటైనర్‌లో, అంటే మా మెషీన్‌లోనే 20.04 ఫైళ్లతో విడిగా నడిచే వాతావరణంలో, బిల్డ్ చేయడం. పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేయించి, లైబ్రరీలన్నీ ఆ కంటైనర్‌లోనే ఇన్‌స్టాల్ చేయించారు. లేకపోతే తర్వాతి ఎర్రర్ ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) దగ్గర వచ్చేదట, ఎందుకంటే 22.04లో ఉన్నది 3.0, 20.04లో 1.1.1. చివర్లో ప్రోగ్రామ్ ఫైల్ లోపలి వివరాలు చూపే ఆబ్జ్‌డంప్‌తో చూస్తే మా ప్రోగ్రామ్ అడుగుతున్న అత్యధిక జీలిబ్‌సీ వెర్షన్ 2.29, అదీ ఘాతాలు లెక్కించే పవ్ ఫంక్షన్ కోసం. సర్వర్‌లో పెట్టగానే మొదటి రిపోర్టు వచ్చేసింది!

20.04కి మామూలు సపోర్టు 2025 మేతోనే అయిపోయింది కాబట్టి సర్వర్‌ను కూడా మార్చమని క్లయింట్‌కు అర్థమయ్యేలా ఒక ఉత్తరం రాసిచ్చారు. అది మేం అడగనే లేదు.

అక్కా, సొంత పని పక్కనపెట్టి, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోకుండా చెప్పారు. మా టీమ్ అందరి తరఫునా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.