వేడి అన్నం తింటే తప్పా?

సంపాదకులకు,

అమెరికాలో ప్రభుత్వ సాయంతో బర్గర్లు తింటున్నారని కొందరు మండిపడుతున్నారు. అసలు పేదలు తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే స్నాప్ కార్డుతో మామూలుగా వేడి తిండి కొననివ్వరు. పచ్చి చికెన్ కొనొచ్చు, అదే షాపులో వేడిగా కాల్చిన చికెన్ కొనకూడదు! 60 ఏళ్లు నిండినవారికి, వికలాంగులకు, ఇల్లు లేనివారికి, వారి జీవిత భాగస్వాములకు మాత్రమే ‘రెస్టారెంట్ మీల్స్ ప్రోగ్రామ్’ కింద మినహాయింపు ఉంది. అదీ కాలిఫోర్నియా, అరిజోనా లాంటి కొన్ని రాష్ట్రాల్లోనే, పథకంలో చేరిన హోటళ్లలోనే. పొయ్యి లేని మనిషి బియ్యం తెచ్చుకుని ఏం చేస్తాడు? చేతులు వణికే ముసలమ్మ ఎలా వండుకుంటుంది? ఫాస్ట్‌ఫుడ్ ఒంటికి మంచిది కాదు, ఒప్పుకుంటాను. అందుకే పప్పన్నం, ఇడ్లీ పెట్టే మన హోటళ్లు ఇందులో మరిన్ని చేరాలని ఇక్కడి తెలుగు యజమానులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా