అమ్మణ్ణికి

టంగుటూరు
ఆదివారం

అమ్మణ్ణీ,

ఫోన్‌లో అయితే "ఆఁ, సరేమ్మా" అని పెట్టేస్తావని కాగితం మీద రాస్తున్నాను. కొరియర్‌లో గోంగూర పచ్చడి పంపాను. సీసా మూత మీ నాయన బిగించాడు, తడిగుడ్డతో పట్టుకుని తిప్పు. బర్రె ఈనింది, పెయ్యదూడ. జున్ను నీకు పంపే దారి లేదు.

మొన్న రమణ పిన్ని వచ్చింది. నువ్వు మనసు జబ్బుకి వేసుకునే మాత్రల సంగతి కొత్త ఆఫీసులో చెప్పేశావంట. ఇక సంబంధాలు ఎట్లా వస్తాయి అని కూడా అంది. కాఫీ ఇచ్చి పంపించాను. నిజమా అని అడగడానికి కాదులే ఈ ఉత్తరం.

పెద్దమామ పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో పనిచేసిన సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. అమ్మమ్మ పోయిన ఏడాది మామకి నిద్ర పోయింది, ఊరికే ఏడ్చేవాడు. ముందు జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో నిద్ర చేయించారు, ఆ తర్వాతే ఒంగోల్లో డాక్టరుకి చూపించారు. కాస్త తేరుకున్నాక కొండపి దగ్గర ఒక రైతు బ్యారన్‌లో మంట చూసే పనికి కుదిరాడు. కర్రలకు అల్లిన ఆకు లోపల ఎక్కించాక ఐదారు రోజులు పొయ్యి ఆరకూడదు, ఎగదోయకూడదు. రాత్రంతా లేచి లేచి థర్మామీటర్ చూడాలి. మాత్ర వేసుకుంటే మత్తు. చెబితే పిచ్చోడంటారని చెప్పలేదు, మాత్రే మానేశాడు. నాలుగో రోజుకి చేతులు వణికి కట్టె ఎత్తలేకపోయాడు. భయపడి ఆ రాత్రి మాత్ర వేసుకుని, మధ్యలో మెలకువ రాదని పొయ్యి నిండా మొద్దులు కుక్కి పడుకున్నాడు. తెల్లారి తలుపు తీస్తే బంగారం రంగులో రావాల్సిన ఆకు కాఫీపొడి రంగులో ఉంది. రైతు తిట్టలేదంట. "ముందే అంటే పగటి పని ఇచ్చేవాణ్ణి గదయ్యా" అన్నాడంట. మామ ఇప్పటికీ పొగాకు వాసనొస్తే లేచి వెళ్లిపోతాడు.

అందరూ ఆ రైతులాగా ఉంటారని కాదు. పక్క సీటు పిల్లలకి నీ జబ్బు పేరెందుకు? షిఫ్టులు వేసేవాళ్లకి మాత్రం ఈ మందుతో రాత్రులు మేలుకోలేనని చెప్పు, చాలు. ఫారంలో అడిగితే అబద్ధం రాయొద్దు, రేపు బయటపడితే ఆ అబద్ధమే తప్పవుతుంది. అడక్కపోతే రాయొద్దు. ఇప్పటికే రాసేసి ఉంటే రాశావు, దానికి టెన్షన్ పడకు. 2017లో చట్టం వచ్చిందంట, ఇన్సూరెన్స్‌లో దీన్నీ ఒంటి జబ్బుతో సమానంగా చూడాలంట. మీ నాయన చీటీ మీద 14416 అని మనసు బాగోలేనివాళ్ల హెల్ప్‌లైన్ నంబరు కూడా రాసిచ్చాడు, రాత్రిపూటైనా మాట్లాడతారంట, తెలుగులోనే. చీటీ ఇందులోనే పెట్టాను, పారేయకు.

డాక్టరుని అడక్కుండా మాత్ర మానొద్దు. మామ చేసింది అదే.

పిన్నికి ఎవరు చెప్పారో అడగను. నాకంటే ముందు ఆమెకి తెలిసిందనే, కాస్త.

రాత్రిళ్లు మ్యాగీ తినకు. సంక్రాంతికి టికెట్ ఇప్పుడే చేసుకో, తర్వాత దొరకవు. ఒంగోల్లో దిగు, ఏ టైమైనా సరే నాయన బండేసుకుని వస్తాడు.

అమ్మ