తండా మాట కూడా తెరమీదికి రావాలి

సంపాదకుడు గారికి,

సర్కారు బళ్లలో ఇప్పుడు తెరలకు కొదవ లేదు. బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం కింద ప్రాథమిక బళ్లకు స్మార్ట్ టీవీలు, హైస్కూళ్లకు డిజిటల్ బోర్డులు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులూ ఇచ్చారు. సంతోషమే. కానీ గుత్తి, గుంతకల్లు చుట్టుపక్కల సుగాలి తండాల బళ్లలో ఆ తెర ఇంగ్లిషు మాట్లాడుతుంది, లేదంటే పుస్తకాల తెలుగు. ఇంట్లో గోర్‌బోలీ (సుగాలీల, అంటే బంజారాల భాష) తప్ప వేరే మాట వినని ఒకటో తరగతి పిల్లకు రెండూ పరాయివే.

ఒక తండా బడిలో కళ్లారా చూశాను. బొమ్మ చూసి పేరు చెప్పించే యాప్ అది. రొట్టె బొమ్మ రాగానే ఒక పిల్ల హుషారుగా ‘బాటి’ అంది. తెరమీద ఎర్రగా ఇంటూ గుర్తు పడింది. తర్వాతి బొమ్మకు ఆ పిల్ల నోరు విప్పలేదు, పక్కపిల్ల మొహం చూసింది.

లిపి లేని భాషకు యాప్ ఏమిటంటారు కొందరు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లోనే ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, బహుభాషా విద్య మొదలైంది. అందులో బంజారా ఒకటి. ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది, రాజ్యాంగంలోని 350ఏ అధికరణ 1956 నుంచీ చెబుతూనే ఉంది. ఇక పాటకు, కతకు లిపితో పనేముంది? తీజ్ పండగకు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ పెళ్లికాని ఆడపిల్లలు పాడే పాటలున్నాయి. అవ్వల కతలున్నాయి. అద్దాల కుట్టుపనిలో ఉన్నంత రేఖాగణితం మా లెక్కల పుస్తకంలో కూడా లేదు. (ఎరుకలవాళ్ల భాష సంగతైతే ఎత్తేవాళ్లే లేరు.)

నా భయమల్లా ఒకటే. ఏదో కంపెనీకి టెండరిచ్చి, ఉన్న తెలుగు పాఠాన్నే మిషనుతో గోర్‌బోలీలోకి తిప్పించి చేతులు దులుపుకుంటారేమోనని. డీఎడ్, బీఎడ్ చేసి ఖాళీగా ఉన్న తండా యువకులతో గోర్‌బోలీ పాఠాలు తయారు చేయించాలి. పల్లె బళ్లలో నెట్ నిలవదు కాబట్టి పెన్‌డ్రైవ్‌తో కూడా నడిచేలా చేయాలి.

ఏటా ఫిబ్రవరిలో బంజారాల గురువు సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గరి సేవాగఢ్‌కు పొరుగు రాష్ట్రాల నుంచీ బంజారాలు వస్తారు. విద్యాశాఖ ఈసారి అక్కడ కరపత్రాలు పంచే బదులు ఒక రికార్డింగు గది పెట్టాలి. పాడినవాళ్ల పేరు, తండా పేరు తెరమీద పడాలి, వాళ్లకు రావలసిన డబ్బు అక్కడికక్కడే చేతికి అందాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుత్తి, అనంతపురం జిల్లా